మెరినో ఉన్ని: సన్నదనం ఒక్కటే చూస్తే నష్టం

పత్తి కొనే వర్తకుడు గుప్పెడు దూది తీసుకుని మొదట పింజ లాగి చూస్తాడు. పింజ పొడవును బట్టి ధర. ఉన్ని బేరంలో పొడవుది రెండవ స్థానం. మొదట అడిగేది పోగు సన్నదనం. ఆస్ట్రేలియా వేలంపాటల ధారణలలో 19 మైక్రాన్లు, 21 మైక్రాన్లు అని కనిపించే అంకెలు దాని కొలతలే. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాను. మనిషి తలవెంట్రుక మందం సాధారణంగా 50 మైక్రాన్లకు పైనే. మెరినో ఉన్ని మాత్రం చాలావరకు 24 మైక్రాన్లకు లోపే ఉంటుంది. 18.5 మైక్రాన్లు, అంతకు తక్కువ ఉన్నదాన్ని అతి సన్నరకంగా లెక్కిస్తారు.

మెరినో స్పెయిన్ దేశంలో పేరుకెక్కిన జాతి. 18వ శతాబ్దం వరకు ఆ దేశం వీటిని పొలిమేర దాటనివ్వలేదు. తరువాత 1765లో జర్మనీలోని సాక్సనీకి, 1786లో ఫ్రాన్సులోని రాంబూయేకి, 1797లో దక్షిణాఫ్రికా మీదుగా ఆస్ట్రేలియాకు చేరాయి. నేడు సన్నరకం ఉన్ని ఎగుమతిలో ఆస్ట్రేలియాదే అగ్రస్థానం.

ఈ గొర్రె ముఖం తెలుపు. పొట్టేళ్లకు సుళ్లు తిరిగిన కొమ్ములుంటాయి. ఆడగొర్రెలకు సాధారణంగా ఉండవు. కొమ్ములు లేని రకాన్నీ వృద్ధి చేశారు. ఉన్ని దానంతటదే రాలదు, ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది. కనుక ఏటా కత్తిరించక తప్పదు. పోగులు చర్మంపై చాలా ఒత్తుగా, సన్నని అలలు తిరిగి ఉంటాయి. వాటికి పట్టి ఉండే జిడ్డు వానను, దుమ్మును లోపలికి పోనివ్వదు. ఆ జిడ్డును శుద్ధి చేస్తే వచ్చేదే లేపనాలలో వాడే లానోలిన్. అయితే చర్మం మడతలు ఎక్కువగా ఉన్న గొర్రెలలో తడి నిలిచి, ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడుతుంది. నీరు నిలిచే నేలల్లో గిట్టలు కుళ్లుతాయి. ఈ జాతికి నప్పేది పొడి నేల.

సన్నదనానికి అంత ధర ఎందుకు? కారణాలు రెండు. ఒకటి, సూటు గుడ్డకు వాడే నూలు తెగకుండా ఉండాలంటే దాని అడ్డుకోతలో సుమారు 40 పోగులుండాలి. పోగు సన్నమైతేనే నూలు సన్నగా, గుడ్డ తేలికగా వస్తుంది. రెండు, 30 మైక్రాన్లకు మించిన పోగుల కొసలు ఒంటికి గుచ్చుకుంటాయి. సన్నపోగు చర్మాన్ని తాకగానే వంగిపోతుంది.

కొనుగోలుదారు మోసపోయే చోటు ఇక్కడే ఉన్నది. సన్నదనం జాతి వల్ల రావచ్చు, ఆకలి వల్లా రావచ్చు. కరవు ఏడాదిలో మేత చాలని గొర్రెకు పోగు సన్నబడుతుంది. పరీక్షలో అంకె బాగానే కనిపిస్తుంది. కాని మేత తగ్గిన రోజుల్లో పెరిగిన భాగం బలహీనంగా ఉండి, మిల్లులో దువ్వేటప్పుడు పోగు అక్కడే తెగుతుంది. తెగిన ముక్కలు తరుగులోకి పోతాయి. కాబట్టి రెండు సరుకులూ 19 మైక్రాన్లే అయినా ధర ఒకటి కాదు. అందుకే అక్కడి పరీక్షా పత్రాలలో మైక్రానుతో పాటు పాయ పొడవు, పాయ బలం కూడా కొలిచి చూపుతారు.

మరొక మెలిక నికర దిగుబడి. పచ్చి ఉన్నిలో జిడ్డు, చెమట ఉప్పు, మట్టి, గడ్డి గింజలు కలిసి ఉంటాయి. 180 కిలోల బేలు కొన్నామనుకుందాం. దిగుబడి నూటికి 70 అయితే కడిగాక 126 కిలోలు మిగులుతుంది. 60 అయితే 108 కిలోలే. మైక్రాను ఒకటే అయినా 18 కిలోల తేడా. ఆస్ట్రేలియా ధారణల సూచిక కడిగిన ఉన్ని లెక్కన చెప్పేది. దానిని పచ్చి ఉన్ని ధరగా భ్రమిస్తే లెక్క తలకిందులవుతుంది.

మన ప్రాంతపు గొర్రెలతో దీనికి పోటీ లేదు, పోలిక లేదు. నెల్లూరు గొర్రెకు ఉన్నేది? ఉన్నది వెంట్రుకే, దానిని మాంసానికి పెంచుతారు. దక్కనీ గొర్రె ముతక ఉన్ని గొంగళ్లకు వాడతారు. వానకూ చలికీ తట్టుకునే గొంగడికి ఆ ముతకే బలం. సూటు గుడ్డ నేసే మన మిల్లులకు మాత్రం దిగుమతే ఆధారం. 2022 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఒప్పందంతో ఆస్ట్రేలియా ఉన్నిపై దిగుమతి సుంకం తొలగింది.

సుంకం తగ్గినంత మాత్రాన బేరం లాభం కాదు. మైక్రాను, పాయ బలం, నికర దిగుబడి: ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసిన తరువాతనే ధర మాట్లాడటం క్షేమం.