బైబిలు తాత్పర్యనిర్ణయమున దాసశబ్దము

ఒక గ్రంథమునందలి వాక్యములు పరస్పరము విరోధించినట్లు తోచినప్పుడు తాత్పర్యమును నిర్ణయించుటకు మన మీమాంసకులు ఆరు లింగములను చెప్పిరి: ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి. బైబిలును క్రీస్తు సువార్త అను కేంద్రమునుండి వ్యాఖ్యానింపవలెనని క్రైస్తవ పండితులు చెప్పుటయు ఇట్టి తాత్పర్యనిర్ణయమే. ఎమ్మాయు మార్గమున క్రీస్తు లేఖనములన్నిటను తన్ను గూర్చిన విషయములను వివరించెనను లూకా కథనము (24వ అధ్యాయము) దీనికి ఆధారము. ఈ పద్ధతి తెలుగు పాఠకునకు ఎంతవరకు ఉపకరించునో ఒక్క పదమును పట్టుకొని పరిశీలింతము.

ఆ పదము ‘దాసుడు’. గ్రీకు మూలమునందలి ‘దూలొస్’ అను మాటకు బానిస అని అర్థము. తెలుగు అనువాదము దానిని తరచుగా దాసుడనియే వ్రాసినది. రామదాసు పేరు వినుచు పెరిగిన తెలుగువానికి ఈ శబ్దము భక్తిని స్ఫురింపజేయును గాని సంకెళ్లను స్ఫురింపజేయదు. పౌలు తన్ను క్రీస్తు దాసుడనుకొన్నచోట (రోమా 1:1) ఇది లాభమే. దాసులు యజమానులకు లోబడవలెనన్న ఎఫెసీ 6:5లో మాత్రము నష్టమున్నది. బానిసనుద్దేశించిన మాట సేవకధర్మముగా మారి, కూలి చేసికొను ప్రతివానికిని చెప్పినట్లు వినిపించును. ఇచట ‘బానిస’ అను మాటయే తగినదని నా అభిప్రాయము.

ఖరగ్‌పూరు వంటి రైల్వే పట్టణమున ఇది వట్టి పదచర్చ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఉత్తరాంధ్ర జిల్లాల కార్మికులు అచటికి వలసపోయి తెలుగును, తెలుగు ప్రార్థనలను నిలుపుకొనిరి. (తెలుగు సువార్తలు మొదట అచ్చయినదియు వంగదేశముననే: విశాఖపట్టణమున డి గ్రాంజ్ ఆనందరాయరు సాయమున అనువదించిన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున ముద్రితములైనవి.) 1927లో ఖరగ్‌పూరు కార్ఖానా కార్మికులు సమ్మె చేసిరి. ఆ రైల్వే కార్మికోద్యమ నాయకులలో ఒకరైన వి. వి. గిరి 1969లో రాష్ట్రపతి అయిరి. అట్టి చరిత్ర గల ఊరిలోని తెలుగు క్రైస్తవుడు ఎఫెసీ 6:5ను ఎట్లు గ్రహింపవలెను?

ఆ వాక్యమును సందర్భమునుండి తెంచి వాడినవారు కలరు. అమెరికాలో బానిసగా పుట్టిన తన అమ్మమ్మ, యజమాని పురోహితుడు చేసిన ఈ బోధను విని విని విసిగి, పౌలు పత్రికలను తనకు చదివి వినిపింపనీయలేదని హోవర్డ్ థర్మన్ 1949 నాటి గ్రంథమున వ్రాసెను. కొరింథీ మొదటి పత్రికలోని ప్రేమాధ్యాయమును మాత్రము ఆమె అరుదుగా అనుమతించెడిదట. చదువురాని ఆ వృద్ధురాలు చేసినది తాత్పర్యనిర్ణయము కాక మరేమి?

కేంద్రమునుండి చూచినచో ఫిలిప్పీ 2:7 ముఖ్యము. అచట క్రీస్తే దాసరూపమును ధరించెను. గ్రీకున అదే శబ్దము. ప్రభువే బానిసయైనాడని నమ్మువాడు బానిసత్వమును దైవనిర్ణయమని ఎట్లు సమర్థించును? ఎఫెసీ 6:9లో యజమానులకు చేసిన హెచ్చరికయు, ఒనేసిమును సహోదరునిగా చేర్చుకొమ్మని ఫిలేమోనును కోరుటయు ఈ వెలుగులో పొసగును.

అయినను ఈ పద్ధతికి ఒక అపాయము కలదు. లూథరు 1522 నాటి క్రొత్త నిబంధనకు వ్రాసిన పీఠికలలో, క్రీస్తును ప్రకటించునా లేదా అను ఒరగల్లుపై యాకోబు పత్రికను గీచి చూచి, దానిని గడ్డితో పోల్చెను. గ్రంథసూచికలో సంఖ్య లేకుండ చివరకు చేర్చెను. కోతగాండ్ర కూలిని బిగబట్టిన ధనికులను నిలదీసినది ఈ యాకోబు పత్రికయే (5:4). కేంద్రమును విశ్వాసముచేతనే నీతియను ఒక్క సూత్రమునకు కుదించుటచే లూథరు కూలివాని పక్షమున పలికిన పత్రికను వెనుకకు నెట్టెను.

కాని కూలిని గూర్చిన ఈ మాట యాకోబు ఒక్కనిది కాదు. లేవీయకాండము 19:13, ద్వితీయోపదేశకాండము 24:14–15, మలాకీ 3:5 అదియే చెప్పుచున్నవి. మీమాంసకులు దీనిని అభ్యాసమందురు. దీనిని లెక్కలో చేర్చినచో ఫిలిప్పీ పత్రికలోని దాసరూపమును, యాకోబు చెప్పిన కోతగాని కూలియు ఒకే తాత్పర్యమున ఇముడును. ఎఫెసీ 6:5ను కార్ఖానా కార్మికునకు శాశ్వత విధిగా చెప్పు వ్యాఖ్యకు ఉపపత్తి మిగులదు.