మాట ఆగినప్పుడు ఎక్కడ వెతకాలి

చి. తల్లికి,



కొత్త లాప్‌టాప్‌లో లినక్స్ పెట్టుకోవాలని ఉంది కానీ, చూపున్నవాళ్లు పక్కన లేనప్పుడు మాట ఆగిపోతే ఏం చేయాలో తెలియక భయపడుతున్నానని రాశావు. నీ భయం న్యాయమైనదే. మనకు మాటే తెర, మాటే మౌస్. అందుకే ముందు ఆ మాట ఎలా పుడుతుందో చెబుతాను. అది తెలిస్తే సగం భయం పోతుంది.

నువ్వు మెనూ తెరిచినప్పుడు అక్కడ ఏముందో తెలుసుకుని, ఏది చదవాలో తేల్చేది ఓర్కా అనే స్క్రీన్ రీడర్. దానికి సొంత గొంతు లేదు. చదవాల్సిన వాక్యాన్ని స్పీచ్ డిస్పాచర్‌కి అప్పగిస్తుంది. డిస్పాచర్ దాన్ని సింథసైజర్‌కి పంపుతుంది. అక్షరాలను ధ్వనిగా మార్చే పని సింథసైజర్‌ది. ఆ ధ్వనిని స్పీకర్ దాకా చేర్చేది పైప్‌వైర్, పాత సిస్టమ్‌లలో పల్స్‌ఆడియో. మొత్తం నాలుగు అంచెలు. మాట ఆగిందంటే వీటిలో ఏదో ఒకచోట ఆగింది.

సింథసైజర్లు చాలా ఉన్నాయి. నువ్వు మొదట పెట్టుకోవలసింది ఈస్పీక్ ఎన్‌జీ. స్కూల్లో ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో విన్నావు కాబట్టి ఆ గొంతు నీకు పాతదే. 1995లో జొనాథన్ డడింగ్టన్ ఏకార్న్ కంప్యూటర్ల కోసం మొదలుపెట్టిన ప్రోగ్రాం పెరిగి ఈస్పీక్ అయింది. దానికి కొనసాగింపే ఈ ఎన్‌జీ. ఇది మనిషి గొంతును రికార్డు చేసి ముక్కలు అతికించదు. స్వరాల లక్షణాలను లెక్కగట్టి ధ్వనిని తయారుచేస్తుంది. అందుకే కాస్త లోహపు గొంతులా ఉంటుంది. అందుకే చాలా చిన్నది కూడా. మీట నొక్కిన వెంటనే పలుకుతుంది, వేగం బాగా పెంచినా మాట స్పష్టంగానే ఉంటుంది.

లినక్స్‌లలో డెబియన్ ఎంచుకుంటే ఇన్‌స్టాల్ కూడా నువ్వే చేసుకోవచ్చు. బూట్ మెనూ రాగానే బీప్ వినిపిస్తుంది. అప్పుడు ఎస్ కొట్టి ఎంటర్ నొక్కు, ఇన్‌స్టాలర్ మాట్లాడటం మొదలుపెడుతుంది. అలా మాటతో ఇన్‌స్టాల్ చేస్తే, తయారైన సిస్టమ్‌లోనూ మాట ఉంటుంది. గ్నోమ్ డెస్క్‌టాప్‌లోకి వచ్చాక ఆల్ట్, సూపర్, ఎస్ మూడూ కలిపి నొక్కితే ఓర్కా లేస్తుంది. సూపర్ అంటే నువ్వు విండోస్ మీట అనేదే. ఇన్‌సర్ట్ పట్టుకుని స్పేస్ నొక్కితే ఓర్కా సెట్టింగులు తెరుచుకుంటాయి. గొంతు, వేగం, స్థాయి అక్కడే మార్చుకోవాలి. మొదట్లో వేగం తక్కువగా పెట్టుకుని, చెవి అలవాటుపడిన కొద్దీ పెంచుకో.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మాట ఆగితే కింది అంచె నుంచి పైకి వెతకాలి. ఆల్ట్, ఎఫ్2 నొక్కితే ఆదేశం రాసే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఈ-ఎస్-పీ-ఈ-ఏ-కే, హైఫన్, ఎన్-జీ, తర్వాత ఒక ఖాళీ, ఏదో ఒక ఇంగ్లీషు మాట కొట్టి ఎంటర్ నొక్కు. వినబడకపోతే ఓర్కాను అనుమానించకు. వాల్యూమ్, హెడ్‌ఫోన్ తీగ చూడు. టెక్స్ట్ కన్సోల్‌లో మాట్లాడే స్పీకప్ కోసం ఈస్పీకప్ అనే సర్వీసు నడుస్తూ ఉంటే, అది సౌండ్ కార్డును వదలకుండా పట్టుకుని ఉండవచ్చు. దాన్ని ఆపి చూడు.

ఆ మాట వినబడిందంటే ధ్వని, సింథసైజర్ రెండూ బాగున్నట్టే. మళ్లీ ఆల్ట్, ఎఫ్2. ఈసారి ఎస్-పీ-డీ, హైఫన్, ఎస్-ఏ-వై, ఖాళీ, మాట. ఇది డిస్పాచర్‌కి పరీక్ష. పలక్కపోతే డిస్పాచరే చిక్కుకుపోయింది. కిల్ఆల్ ఆదేశంతో దాన్ని ఆపెయ్యి. మళ్లీ అవసరం పడినప్పుడు అదే లేస్తుంది. అది పలికి, ఓర్కా మాత్రం మౌనంగా ఉంటే, ముందు ఇన్‌సర్ట్‌తో ఎస్ నొక్కి చూడు. ఆ మీటలు మాటను ఆపుతాయి, తెరుస్తాయి కూడా, వేలు పొరపాటున తగిలి ఉండవచ్చు. అప్పటికీ పలక్కపోతే ఆల్ట్, ఎఫ్2 పెట్టెలోనే ఓర్కా, ఖాళీ, రెండు హైఫన్లు, వాటిని ఆనుకుని రీప్లేస్ అని కొట్టు. పాత ఓర్కా పోయి కొత్తది నడుస్తుంది.

ఈ వరుసను సిస్టమ్ బాగున్న రోజునే సాధన చెయ్యి. మౌనంలో వేళ్లకు గుర్తుండాలంటే మాట ఉన్నప్పుడే అలవాటు కావాలి.

తీయటి గొంతులూ ఉన్నాయి. న్యూరల్ పద్ధతిలో పనిచేసే పైపర్‌లో తెలుగు గొంతులు దొరుకుతాయి. నవల వినడానికి అవి హాయిగా ఉంటాయి. అయితే కాస్త బరువైనవి, మీటకూ మాటకూ మధ్య ఆలస్యం రావచ్చు. వాటిని తెచ్చుకున్నా ఈస్పీక్‌ను మాత్రం తీసెయ్యకు. కొత్త గొంతు మొరాయించిన రోజు నిన్ను ఒడ్డున పడేసేది అదే.

తెలుగు కోసం డిస్పాచర్ ఆదేశంలో హైఫన్, ఎల్, ఖాళీ, టీ-ఈ అని చేర్చు. ఉచ్చారణ కొన్నిచోట్ల నీ చెవికి గుచ్చుకుంటుంది. అలాంటివి విని ఊరుకోకు. ఈస్పీక్ ఎన్‌జీ తెలుగు నియమాలు మామూలు టెక్స్ట్ ఫైళ్లలో అందరికీ తెరిచి ఉన్నాయి. తప్పు పలుకుతున్న మాటలు రాసి పెట్టుకో, ఆ ఫైళ్లు చదవడం నేర్చుకో, సరిచేసి పంపు. పుణెలో పుట్టి, పద్నాలుగో ఏట చూపు పోయిన టి.వి.రామన్ తనకు కావలసిన ఈమాక్‌స్పీక్ అనే మాట్లాడే ప్రోగ్రాంను తానే రాసి 1995లో అందరికీ ఇచ్చారు. తెలుగు మాట సరిగా పలుకుతోందో లేదో తేల్చడానికి రోజంతా దాన్ని వినే నీకంటే అర్హులెవరు? నీకోసం మొదలుపెట్టు తల్లీ, నీ తర్వాత వినేవాళ్లందరికీ అది ఉపయోగపడుతుంది.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న