పార్కు స్థలం మ్యాప్‌లో ఉంటే సరిపోదు

టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో కొత్తగా చేరారా? వార్డు ప్లానింగ్ సెక్రటరీగా వచ్చినా, కన్సల్టెన్సీ తరఫున జీఐఎస్ పనికి వచ్చినా, ముందు మీ నెత్తిన పడేది మ్యాప్‌లే. స్కూలుకు ఎంత, పార్కుకు ఎంత, వంద అడుగుల రోడ్డు ఎటు అనేది గీసి ఇవ్వాలి. పైనుంచి తేదీ ముందే వచ్చేసి ఉంటుంది. ఆ తేదీకి మ్యాప్ అందించడం పెద్ద కష్టమేమీ కాదు. అందులో చూపిన స్థలం పదేళ్ల తర్వాత కూడా ఖాళీగా మిగలడమే కష్టం.

లెక్కలు సులువు. కేంద్రం 2014లో ఇచ్చిన యూఆర్‌డీపీఎఫ్ఐ మార్గదర్శకాల ప్రకారం 5,000 జనాభాకు ఒక ప్రైమరీ స్కూలు, దానికి 0.40 హెక్టారు కావాలి. అంటే దాదాపు ఎకరం. 40,000 మంది చేరతారనుకున్న ప్రాంతంలో స్కూళ్లకే ఎనిమిది ఎకరాలు. ఎక్సెల్‌లో నిమిషం పని. ఆ ఎకరాలు ఎవరివన్న దగ్గరే చిక్కంతా. ముందు ప్రభుత్వ భూమి ఎక్కడుందో వెతకండి. రోడ్లదీ ఇదే చిక్కు. పలుకుబడి ఉన్నవారి పొలం దగ్గరికొచ్చేసరికి రోడ్డు వంకర తిరగడం మీరూ చూస్తారు, కొందరు మీ చేతే తిప్పించాలనీ చూస్తారు. ఫోన్లో చెప్పిన మార్పు చేయకండి. నోట్ ఫైల్‌లో రాయమని మర్యాదగా అడగండి. అడిగినవారిలో సగం మంది అక్కడే ఆగిపోతారు.

ఇంకో జాగ్రత్త. అమృత్ పథకం కింద చేసే జీఐఎస్ మాస్టర్ ప్లాన్ల స్కేలు 1:4,000. కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద నాలుగు మీటర్లు. గీత మందమే ఒక గదంత అన్నమాట. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను జూమ్ చేసి, "మీ స్థలం రోడ్డులో పోదులెండి" అని బంధువులకు కూడా చెప్పకండి. ఎఫ్ఎంబీ (క్షేత్ర కొలతల పుస్తకం)తో సరిచూసి, సర్వేయర్‌తో కొలిపించాకే ఏదైనా రాసివ్వండి.

పొలాల్లో తిరగకుండా రంగులేస్తే ఏమవుతుందో కామారెడ్డిని చూస్తే తెలుస్తుంది. ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ భూములను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపారని 2023 జనవరిలో చుట్టుపక్కల రైతులు రోడ్డెక్కారు. ఆ నెలలోనే మున్సిపల్ కౌన్సిల్ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. చేసిన చాకిరీ అంతా వృథా. అభ్యంతరాల గడువును నోటీసు బోర్డుకు వదిలేయకండి. సర్వే నంబర్ల జాబితా పట్టుకుని ఊరి రచ్చబండ దగ్గరికి వెళ్లండి. తిట్లు పడతాయి, కానీ అప్పుడే పడటం నయం.

మాస్టర్ ప్లాన్ కంటే మీకు రోజూ ఎదురయ్యేది లేఅవుట్ ఓపెన్ స్పేస్. పది శాతం వదలాలన్నది నిబంధన. డెవలపర్ ఆ పది శాతాన్ని వాగు పక్కనో, హైటెన్షన్ లైన్ కిందో, మూడు మూలల ముక్కలోనో చూపిస్తాడు. డ్రాయింగ్‌లో అన్నీ ఒకే పచ్చగా ఉంటాయి కాబట్టి సైట్‌కు వెళ్లి తీరాలి. తర్వాత అసలు సంగతి గిఫ్ట్ డీడ్. రోడ్లు, ఓపెన్ స్పేస్ మున్సిపాలిటీ పేర రిజిస్టర్ కాకుండా డెవలపర్ తనఖా పెట్టిన మార్ట్‌గేజ్ ప్లాట్లు విడుదల చేశారో, ఆ డెవలపర్ మళ్లీ మీ ఫోన్ ఎత్తడు. డీడ్ షెడ్యూల్‌లో నాలుగు హద్దులూ కొలతలూ ఉన్నాయో లేదో మీరే చదవండి. "లేఅవుట్‌లో చూపిన విధంగా" అని రాసి వదిలేస్తే, ఇరవై ఏళ్ల తర్వాత పాత పట్టాదారు వారసులు అదే స్థలాన్ని ప్లాట్లుగా అమ్ముతారు. కోర్టులో మన చేతిలో వెలిసిపోయిన బ్లూప్రింట్ ఒక్కటే మిగులుతుంది. పంచాయతీ కాలం నాటి లేఅవుట్లలో తరచూ జరిగేది ఇదే. అందుకే డీడ్ అయిన వారంలోనే ఆ సర్వే నంబర్లను రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధిత జాబితాలో చేర్చమని లేఖ పంపించండి. కంచె, బోర్డు, జీపీఎస్ ఫొటో తర్వాత సంగతి.

బయటివాళ్లకంటే మనవాళ్లతోనే తలనొప్పి ఎక్కువ. పార్కు స్థలంలో కల్యాణ మండపమో, వార్డు ఆఫీసో కడదామంటారు. "మంచి పనికే కదా" అంటారు. బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇచ్చారు. ఆసుపత్రీ మంచి పనే. స్థానికులు కోర్టుకెక్కారు, ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ముద్దప్ప కేసుగా పేరున్న ఆ తీర్పు కాపీ ఒకటి డ్రాయర్‌లో పెట్టుకోండి. కౌన్సిల్ అజెండాలో ఇలాంటి అంశం వస్తే నోట్‌కు జతచేయండి, వాదించే పని తప్పుతుంది.

డబ్బు లేని రిజర్వేషన్ కూడా నిలవదు. మహారాష్ట్ర 1966 చట్టం 127వ సెక్షన్ ప్రకారం పదేళ్లలో స్థలాన్ని సేకరించకపోతే యజమాని నోటీసు ఇవ్వొచ్చు, ఆ గడువులోనూ కదలిక లేకపోతే రిజర్వేషనే పోతుంది. మన దగ్గర అయినా సేకరణకు బడ్జెట్ ఎవరిస్తారన్నది ప్రతిపాదనలోనే అడిగి రాయించండి. టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) ఇద్దాం అంటే, తీసుకోవడానికి యజమాని సిద్ధమేనా అన్నది ముందే కనుక్కోండి.

బదిలీ రోజున ఓపెన్ స్పేస్ రిజిస్టర్‌ను ఛార్జ్ లిస్టులో విడిగా రాయించి, సంతకం తీసుకుని, ఒక జిరాక్స్ ఇంట్లో పెట్టుకోండి. ఎందుకంటే తర్వాత ఆ స్థలాలకు ఏమైనా అయితే, మీరు ఏ ఊళ్లో పనిచేస్తున్నా విజిలెన్స్ నోటీసు మీ పేరు వెతుక్కుంటూ వస్తుంది.