గ్రీష్మంలో కొండదారి సైకిల్ యాత్ర: నీరు, ఉప్పు, నీడ

నెల్లూరు సీమలో సైకిల్ ఒకప్పుడు పాలవానికి, బడిపిల్లలకు, తంతి తపాలా జవానుకు ఉపయోగపడిన వాహనం. నేడు మధ్యతరగతి ఇండ్లలో దాని స్థానం మారినది. ఇరవై ఏండ్ల కుమారుడో, నలభై దాటిన గృహస్థో తెల్లవారుజామున హెల్మెట్ ధరించి, రెండు నూర్ల కిలోమీటర్లు తొక్కి వస్తామని బయలుదేరుతున్నారు. 'బ్రెవే' అనే పేరుతో జరిగే ఈ యాత్రలకు నియమాలు ఏర్పరచినది పారిస్ నగరానికి చెందిన ఒక పాత సైకిల్ సంఘం. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాలలో, 300 కిలోమీటర్లను 20 గంటలలో ముగించవలెను. ఇది పందెం కాదు. ముందు చేరినవానికి బహుమతి ఉండదు. దారిలో ఎవరి నీరు, ఎవరి ఆహారం వారే చూచుకొనవలెను. అందువలన ఇంటి నుండి సీసాలో ఏమి పోసి పంపుచున్నారన్నది గృహిణి కూడా తెలిసికొనదగిన విషయం.

మైపాడు సముద్రతీరం నుండి నెల్లూరు, పొదలకూరు, రాపూరు మీదుగా పోయి, వెలికొండలలో చిట్వేలు వైపు సాగే కనుమ ఎక్కి తిరిగి వచ్చుట సుమారు రెండు నూర్ల కిలోమీటర్ల ప్రయాణం. ఈ ఒక్క దారిలోనే శరీరం రెండు రకముల ఎండలను చూస్తుంది. తీరంలో గాలి తేమతో నిండి ఉంటుంది. చెమట ధారగా కారుతుంది గాని ఆరదు. ఆరని చెమట శరీరాన్ని చల్లబరచదు, నేల పాలగును. పొదలకూరు దాటిన తరువాత పడమటి వడగాలి తగులుతుంది. అక్కడ చెమట పుట్టిన వెంటనే ఆరిపోవుట వలన 'నాకు చెమటే పట్టలేదు' అని రౌతు సంతోషిస్తాడు. చొక్కా వీపున తెల్లని ఉప్పు చారలు కనబడినప్పుడు గాని అసలు సంగతి తెలియదు.

కనుమ మొదలైన తరువాత మూడవ కష్టం. సైకిల్ తొక్కువాని శ్రమలో నాలుగవ వంతు మాత్రమే చక్రాన్ని కదుపుతుంది. మిగిలినదంతా శరీరంలో వేడిగా మారుతుంది. సమతలంలో గంటకు 20, 25 కిలోమీటర్ల వేగం ఉన్నప్పుడు ఎదురుగాలే విసనకర్ర. ఎక్కుడులో వేగం ఎనిమిదికో పదికో పడిపోతుంది. శ్రమ హెచ్చింది, గాలి ఆగింది, పైన మధ్యాహ్నపు సూర్యుడు. వడదెబ్బకు ఇంతకంటె అనుకూలమైన చోటు లేదు. కనుక రాపూరు కనుమను ఉదయం పదిలోపు ఎక్కునట్లు బయలుదేరవలెను. అది సాధ్యపడనిచో మధ్యాహ్నం మూడున్నర వరకు చెట్టునీడన ఆగుటలో అవమానమేమీ లేదు. గడువు 13 గంటలన్నర ఉన్నది గదా!

ఇక శాస్త్రవిషయం. వాగ్భటుని అష్టాంగహృదయం గ్రీష్మ ఋతుచర్యలో ఉప్పు, కారం, పులుపు తగ్గించుమని చెబుతున్నది. ఈ మాటను పట్టుకొని ఎందరో తల్లులు వేసవిలో ఉప్పు లేని పానీయాలే మేలని భావిస్తారు. అయితే అదే చోట, అదే వరుసలో, వ్యాయామమును, ఎండను కూడ విడువుమని ఆచార్యుడు చెప్పినాడు. ఉప్పు తగ్గించుమన్న మాట నీడపట్టున కూర్చుండువానికి. వ్యాయామమును విడువక ఉప్పును మాత్రం విడిచినవాడు సగం శాస్త్రమే పాటించినవాడు. లీటరు చెమటతో సుమారు రెండు, మూడు గ్రాముల ఉప్పు పోతుంది. ఎండలో తొక్కువానికి గంటకు లీటరు చెమట పోవుట అరుదు కాదు.

దీనిని ఉపేక్షిస్తే ఏమి జరుగుతుందో నేను కన్నులారా చూచితిని. మా వీధిలోని ఒక యువకుడు అటువంటి యాత్రలో దాహం లేకున్నను గంట గంటకూ లీటరు మంచినీళ్ళు త్రాగినాడు. సాయంకాలానికి తలనొప్పి, వాంతులు, వ్రేళ్ళవాపు, మాట తడబాటు. 'ఎండదెబ్బ, ఇంకా నీళ్ళు పట్టించండి' అని పెద్దలు తొందరపెట్టినారు. నిజానికి అతని నెత్తురులో ఉప్పు పలుచబడినది. మరికొన్ని చెంబుల నీరు పడి ఉంటే ప్రాణం మీదికే వచ్చేది. ఆసుపత్రిలో చేర్చుట వలన కోలుకొన్నాడు. 2002 నాటి బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తినవారి రక్తం పరీక్షించగా నూటికి 13 మందిలో ఇదే దోషం కనబడినది. యాత్రకు ముందు, తరువాత బరువు తూచుకొనుట మంచి అలవాటు. నూటికి రెండు పాళ్ళ కంటె ఎక్కువ తగ్గితే నీరు చాలలేదని అర్థం. బరువు పెరిగితే అది అంతకంటె చెడ్డది.

సీసాలో పోయదగిన పానీయం

కాచి చల్లార్చిన నీరు ఒక లీటరు, పంచదార ఆరు చిన్న చెంచాలు, ఉప్పు అర చిన్న చెంచా. చెంచాలు తలకొట్టి కొలువవలెను. ఇందులో ఒక నిమ్మకాయ పిండుకొనవచ్చును. ఇది అతిసారంలో ఇచ్చే ఇంటి ద్రావణమే. పంచదారకు బదులు బెల్లం వేసి, శొంఠి, ఏలకుల పొడి చేర్చితే శ్రీరామనవమి పానకమగును. ఉప్పు మాత్రం మరువరాదు. దాహాన్ని అనుసరించి గుక్కలు గుక్కలుగా, గంటకు అర లీటరు నుండి ముప్పాతిక లీటరు వరకు చాలును.

మజ్జిగ అమృతమే గాని ఎండలో సీసాలో రెండు గంటలు ఊగితే పులిసి కడుపులో త్రిప్పును. దానిని ఇంటివద్దనో, ఆగినచోటనో త్రాగవలెను: ఒక పాలు పెరుగునకు మూడు పాళ్ళు నీరు, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు. లేత కొబ్బరినీరులో పొటాషియం మెండు, సోడియం తక్కువ. అందులో చిటికెడు ఉప్పు వేసికొనుట మేలు. నన్నారి షర్బతు, సబ్జా గింజలు, తాటి ముంజలు చలువ చేయును గాని ఉప్పు లోటును తీర్చవు. ముందురోజు రాత్రి సంకటియో, పెరుగన్నమో తిని పడుకొనవలెను. వాగ్భటుడు వేసవికి చెప్పిన పేలపిండిని చల్లని నీటిలో పంచదారతో కలిపి ఉదయం త్రాగితే కడుపు బరువెక్కదు. రక్తపోటు, మూత్రపిండవ్యాధి కలవారు ఉప్పు విషయంలో తమ వైద్యుని అడిగిన తరువాతనే ఈ యాత్రకు పూనుకొనవలెను.

అలవాటు లేని శరీరాన్ని ఒక్కసారిగా రోహిణి కార్తె ఎండలోనికి తోయరాదు. రోజుకు గంట చొప్పున పది, పదునాలుగు దినములు ఎండపొడలో తొక్కితే చెమట త్వరగా పట్టుట, అందులో ఉప్పు తగ్గుట అలవడును. సుశ్రుతుడు వ్యాయామానికి సగం బలమే హద్దన్నాడు. శ్వాస నోటికి వచ్చినప్పుడు సగం బలం ఖర్చయినట్లు గుర్తు. కనుమ ఎక్కుతూ ప్రక్కవానితో ఒక పూర్తి వాక్యం పలుకలేకపోతే దిగి నడువవలెను.

వడదెబ్బ తగిలినప్పుడు

సైకిల్ వంకరగా పోవుట, పొంతన లేని మాటలు, కారణం లేని కోపం, తూలుట: ఇవి తొలి గుర్తులు. చర్మం పొడిగా ఉంటేనే వడదెబ్బ అని చాలమంది నమ్ముతారు. శ్రమ వలన కలిగిన వడదెబ్బలో ఒళ్ళంతా చెమటతో తడిసి ఉండవచ్చును. జేబులోని ఉల్లిపాయ దీనిని ఆపదు. ఉల్లిపాయను పెరుగన్నంలో తినుడు, అంతవరకే దాని పని. జ్వరపు మాత్రలు కూడ ఇక్కడ పనిచేయవు.

108కు ఫోను చేయించి, వాహనం వచ్చులోపలే చల్లబరచుట ఆరంభింపవలెను. దగ్గరలో బోరు మోటారు తొట్టి ఉంటే తల నీటిపైన ఉండునట్లు పట్టుకొని మెడవరకు ముంచవలెను. లేనిచో బట్టలు వదులు చేసి, నీరు గుమ్మరించుచు విసరవలెను. దొరికితే మంచుముక్కలు మెడ, చంకలు, గజ్జలలో ఉంచవలెను. మొదటి అరగంటలో జరిగిన ఈ పనియే ప్రాణాన్ని నిలుపును. స్పృహ లేనివాని నోట ఏ పానీయమూ పోయరాదు.

ఇంటికి చేరిన రాత్రి మూత్రం రంగు చూచుకొనవలెను. పసుపుగా ఉంటే ఇంకొంత మజ్జిగ త్రాగి నిద్రించవచ్చును. పాలు కలుపని తేనీటి రంగున ఉండి, తొడల నొప్పి తీవ్రంగా ఉంటే కండరములు చెడి మూత్రపిండములపై భారం పడుచున్నదని అనుమానించి, తెల్లవారువరకు ఆగక వైద్యశాలకు పోవలెను.