ఇఫ్, హ్వెన్‌ల పిమ్మట విల్ ఏల రాదు?

విద్యార్థులారా, మీ వ్యాసపుస్తకములను దిద్దునపుడు మాటిమాటికి నాకు కనబడు తప్పొకటి గలదు. "వాన కురిసినయెడల పడవలు సముద్రములోనికి పోవు" అను వాక్యమును మీరు "ఇఫ్ ఇట్ విల్ రెయిన్, ద బోట్స్ విల్ నాట్ గో అవుట్" అని వ్రాయుచున్నారు. వాన రేపటిది గనుక విల్ ఉండవలెనని మీ తలంపు. తలంపు సహజమే గాని వాక్యము తప్పు. "ఇఫ్ ఇట్ రెయిన్స్" అనవలెను.

ఇది వింతగా దోచినచో మన తెలుగునే చూడుడు. "కురిసినయెడల" అనుచోట "కురిసిన" అనునది భూతకాలరూపము. వాన యింకను రానేలేదు. రేపటిదను అర్థమును ప్రధానవాక్యములోని "పోవు" అను క్రియ యొక్కటే మోయుచున్నది. ఇంగ్లీషునందును ఆ భారము ప్రధానవాక్యములోని విల్ అనుదానిదే. ఉపవాక్యమునకు వర్తమానకాలము చాలును.

హ్వెన్, అంటిల్, బిఫోర్, ఆఫ్టర్, అన్‌లెస్, యాజ్ సూన్ యాజ్ అను పదముల పిమ్మటను ఇదే నియమము. అంటిల్ విషయమున మాత్రము తెలుగు మిమ్ము మోసగించును. "పడవలు వచ్చువఱకు ఒడ్డున నుందుము" అనుచోట "వచ్చు" అనునది భవిష్యత్తువలె వినబడును. అయినను "వుయ్ షల్ వెయిట్ అంటిల్ ద బోట్స్ కమ్" అనియే వ్రాయవలెను. పని ముగిసిన పిమ్మట అని స్పష్టపఱుపదలచిన "హ్వెన్ ద బోట్స్ హావ్ కమ్" అనవచ్చును.

హ్వెన్ పిమ్మట విల్ వచ్చు చోటును గలదు: "ఐ డు నాట్ నో హ్వెన్ ద బోట్స్ విల్ కమ్." గుర్తు సులభము. తెలుగున "వచ్చినపుడు" అని యర్థమైన విల్ రాదు. "ఎప్పుడు వచ్చునో" అని యర్థమైన విల్ వచ్చును.

ఇది మార్కులకొఱకు మాత్రమే కాదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరముదాటిన తుపానువలన అనేకులు మృతినొందిరి. ఉప్పాడవంటి సముద్రతీరగ్రామమున ఇంగ్లీషు హెచ్చరికను చదివి తలిదండ్రులకు తెలుపవలసినవారు తఱచు మీరే. "ఇఫ్ ద సైక్లోన్ కమ్స్" అనిన రాకపోవచ్చును. "హ్వెన్ ద సైక్లోన్ కమ్స్" అనిన వచ్చుట నిశ్చయము. క్రియ రెండిటను ఒక్కటే. భేదమంతయు మొదటి చిన్నమాటయందున్నది. "కమ్స్" అని యున్నందున తుపాను ఇప్పుడే వచ్చుచున్నదని భ్రమపడరాదు. విల్ లేదని ముందున్న అపాయమును మఱువను రాదు.

అభ్యాసము: ఈ వాక్యములను ఇంగ్లీషు చేయుడు.
1. గాలి తగ్గువఱకు మానాయన పడవను దింపడు.
2. రేపు సముద్రము పొంగినయెడల మేము బడికి పోదుము.
3. బస్సు ఎప్పుడు వచ్చునో అమ్మకు తెలియదు.