కంచంలో ధమ్మం: తెల్లన్నం, మద్యం, మన మెదడు



తథాగతుడు ఆళవి పట్టణానికి వెళ్ళినప్పుడు ఒక పేద రైతు ఎద్దు తప్పిపోయింది. దాన్ని వెతికి పట్టుకుని, ఆకలితోనే ఆలస్యంగా సభకు వచ్చాడు. తథాగతుడు అతని కోసం ఆగాడు. ముందు అన్నం పెట్టించి, తర్వాతే ధమ్మం చెప్పాడు. కడుపు కాలుతుంటే ఎంత మంచి మాటైనా బుర్రకెక్కదు. అందుకే ఈ పాఠం తిండి గురించి.

మెదడు ఏం తింటుంది?

మెదడు బరువు మన ఒంటి బరువులో 2 శాతమే. కానీ ఒంటికి అందే శక్తిలో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. ఆ శక్తి ఎక్కువగా అన్నం లాంటి పిండి పదార్థం నుంచి వస్తుంది. అయితే అన్నం శక్తిగా మారాలంటే థయమిన్ అనే బి1 విటమిన్ కావాలి. అది లేకపోతే కడుపు నిండినా మెదడు, నరాలు పస్తుంటాయి. మన ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు.

వరి పండే చోటే జబ్బు

మన గుణదల పక్కన పారే ఏలూరు కాలువ కింద ఎంత వరి పండుతుందో అందరికీ తెలుసు. అయినా బ్రిటిష్ వాళ్ళ కాలంలో, దేశంలో బెరిబెరి జబ్బు ఎక్కువగా కనపడింది మన సర్కారు జిల్లాల్లోనే. కాళ్ళు తిమ్మిరెక్కడం, నడక పడిపోవడం, గుండె బలహీనపడటం దాని లక్షణాలు. తల్లిపాలు తాగే పసిబిడ్డలు కూడా దీనితో చనిపోయారు.

కూనూరులోని పోషకాహార పరిశోధనాలయం దీని కారణం పరిశీలించింది. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదుకు వచ్చి, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. బి1 ఉండేది బియ్యపు గింజ పైపొరలో, తవుడులో. దంపుడు బియ్యంలో అది కొంత మిగిలేది. మిల్లు వచ్చి గింజను తెల్లగా చేశాక అది తవుడుతో పాటు పోయింది. ఉప్పుడు బియ్యం తినే చోట్ల ఆ జబ్బు అంతగా రాలేదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు బి1 గింజ లోపలికి ఇంకుతుంది. తెల్లన్నం తింటేనే గొప్ప అనుకున్నాం గానీ, బలం గేదెల తొట్లోకి పోయింది.

ఐదో శీలం

పాళీలో ‘పమాద’ అంటే ఏమరుపాటు. ఏమరుపాటుకు దారితీసే మత్తును వదలమంటుంది ఐదో శీలం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ మద్యం తాగననే మాట ఉంది.

మద్యం పేగుల్లో బి1 ఒంటికి పట్టకుండా చేస్తుంది. తాగేవాళ్ళు సరిగా తినరు కూడా. ఏళ్ళ తరబడి ఇలా సాగితే మెదడు దెబ్బతింటుంది. నడక తూలుతుంది, చూపు రెండుగా కనిపిస్తుంది, మనిషి తికమక పడతాడు. అప్పుడైనా వైద్యం చేయించకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. పొద్దున జరిగింది సాయంత్రానికి గుర్తుండదు. ఆ ఖాళీని ఏదో కథతో నింపుతాడు. ఇంట్లోవాళ్ళు అబద్ధాలాడుతున్నాడని తిడతారు. అది అబద్ధం కాదు, జబ్బు.

మనం చేయగలిగింది

- బియ్యం ఒకటి రెండుసార్లు కడిగితే చాలు. గంజి వార్చి పారబోయొద్దు.
- దంపుడు బియ్యమో, ఉప్పుడు బియ్యమో, జొన్నలో, రాగులో వారంలో కొన్ని రోజులైనా వండండి.
- పొట్టు మినప్పప్పు, పెసలు, పల్లీలు, నువ్వులు పిల్లల కంచంలో ఉండాలి.
- గుడ్డు, చేప, మాంసం తినేవాళ్ళు సిగ్గుపడక్కర్లేదు. పంది మాంసంలో బి1 బాగా ఉంటుంది. భిక్షువులకు మాంసం, చేప నిషేధించమని దేవదత్తుడు అడిగితే తథాగతుడు ఒప్పుకోలేదు. తిండిని చూపి మనుషుల్ని తక్కువ చేసేవాళ్ళ మాట మనకెందుకు?
- బాగా అలవాటున్నవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు సాయంతో మాన్పించాలి. పైన చెప్పిన లక్షణాలుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తొలి దశలోనే బి1 ఇంజెక్షన్లు ఇస్తే చాలావరకు కోలుకోవచ్చు.

చర్చించుకోండి

1. మన ఇంట్లో గంజి ఎటు పోతోంది?
2. మన వీధిలో తాగి మతిమరుపు వచ్చినవాళ్ళను తిడుతున్నామా, వైద్యానికి తీసుకెళ్తున్నామా?

ధ్యానానికి కూర్చునేది ఈ మెదడుతోనే. దాన్ని కాపాడుకోవడమూ శీలమే.

భవతు సబ్బ మంగళం. సాధు! సాధు! సాధు!