కడుపు మాడ్చుకోవద్దు బుజ్జీ

కాకినాడ

చి॥ బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ మెసేజ్ చదివాక ఫోన్ చేద్దామనే అనుకున్నాను. ఇలాంటి సంగతి ఫోన్లో మొదలుపెడితే నువ్వు ఏడుస్తావు, నేను ఓదారుస్తాను, చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాం. అందుకని ఉత్తరం. కడుపు నిండా తిని, తీరిగ్గా కూర్చుని చదువుకో.

షిఫ్టు అయ్యాక తెల్లవారుజామున నాలుగింటికి హాస్టల్‌కొస్తావు. రూమ్మేట్లు లేస్తారని లైటు వెయ్యకుండా, ఫ్రిజ్ తలుపు తీసి ఆ వెలుతుర్లోనే నిలబడి తింటావు. పార్సిల్ బిర్యానీ అయిపోతుంది. అమ్మ పంపిన సున్నుండలు అయిపోతాయి. ఆ తర్వాత బ్రెడ్డు, అదీ లేకపోతే ఎవరిదో మిక్చర్ పాకెట్. రుచి తెలియదు, ఆకలి ఎప్పుడో తీరిపోయింది, అయినా చెయ్యి ఆగదు. కడుపు నొప్పెట్టాక ఆగుతావు. కవర్లన్నీ చిన్నగా మడిచి హ్యాండ్‌బ్యాగులో దాచి, మర్నాడు ఆఫీసు దగ్గరి చెత్తడబ్బాలో వేస్తావు. ఇంత వివరంగా రాసి, చివర్న ‘నాకు సిగ్గూ లజ్జా లేవు పెద్దమ్మా’ అన్నావు. సిగ్గు లేనివాళ్ళు కవర్లు దాచరమ్మా. నీకు సిగ్గు ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉంది. రాత్రిపూట నీ చేత అలా తినిపిస్తున్నవాటిలో అదీ ఒకటి.

ఇన్నేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో పనిచేసినదాన్ని, నీకు మొదట చెప్పాల్సింది ఇది. నువ్వు తిండిపోతువి కావు. ఆపుకోలేకుండా, తక్కువ సమయంలో బోలెడంత, ఎవరూ చూడకుండా తిని, ఆ తర్వాత తనను తాను అసహ్యించుకోవడాన్ని వైద్యులు బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల రోగ నిర్ణయ గ్రంథం దాన్ని విడిగా ఒక జబ్బుగా గుర్తించింది. వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలు జరుగుతుంటే ఆ పేరు పెడతారు. నీకున్నది అదేనా కాదా అని ఇక్కడ కూర్చుని నేను తేల్చను, అది డాక్టరు పని. దానికంటూ ఒక వైద్యం ఉందని, తగ్గుతుందని నీకు తెలిస్తే చాలు.

నీ రాత్రుల గురించి అంత రాశావు గానీ పగళ్ళ గురించి రెండే రెండు ముక్కలు రాశావు. నాకు గుచ్చుకున్నవి ఆ రెండు ముక్కలే. అన్నం మానేసి ఆరు నెలలైంది. మధ్యాహ్నం లేచి బ్లాక్ కాఫీ, సాయంత్రం ఒక డబ్బాడు కీరా ముక్కలు, ఇక షిఫ్టంతా మంచినీళ్ళు. పైగా శనివారం ఒంటిపూట. బుజ్జీ, మన ఇంట్లో శనివారాలు ఉన్నవాళ్ళు ఉన్నారు, మీ అమ్మమ్మ జీవితమంతా ఉంది. ఆవిడ రాత్రి ఒక్కపూట అన్నం మానేసి రెండిడ్లీలు తిని పడుకునేది. నువ్వు చేస్తున్నది అది కాదు. బరువు కోసం కడుపు మాడ్చుకుంటూ వెంకటేశ్వరస్వామి పేరు చెబుతున్నావు. ఆయనకి నీ ఆకలి అక్కర్లేదు.

ఇంతసేపు మాడిన ఒళ్ళు తెల్లవారుజామున ఏం చేస్తుందనుకున్నావు? రెండో ప్రపంచయుద్ధం చివర్లో అమెరికాలో మినసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో మనుషుల్ని చంపబోమని, దేశానికి ఇంకోరకంగా సేవ చేస్తామని నిలబడ్డ యువకులు 36 మంది అందులో చేరారు. ఆరోగ్యంగా, నిబ్బరంగా ఉన్నవాళ్ళని పరీక్షించి మరీ ఎంచుకున్నారు. 1945లో 24 వారాలపాటు వాళ్ళకి రోజుకి సుమారు 1,570 కేలరీల తిండి పెట్టారు. ఈ రోజు ఇంటర్నెట్లో అమ్మే డైట్ చార్టులు చాలావాటిలో అంతకన్నా తక్కువే ఉంటుంది, గమనించు. కొన్ని వారాలకే వాళ్ళ బుర్రలో తిండి తప్ప ఇంకేం లేకుండా పోయింది. వంటల పుస్తకాలు తెచ్చుకుని చదివారు. కంచాలు నాకారు. కలల్లో తిన్నారు. కొందరు దొంగతనంగా తిని, ఆ తర్వాత కుమిలిపోయారు. ప్రయోగం అయ్యాక కావలసినంత తినమంటే, కొందరు కడుపు పగిలేలా తిని కూడా ఇంకా ఆకలిగానే ఉందన్నారు. ఒకతన్ని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది.

యుద్ధాన్నే కాదన్న మనుషులు వాళ్ళు. వాళ్ళకి మనోబలం లేదని ఎవరనగలరు? ఒంటికి కరువు వచ్చిందనిపిస్తే అది తిండిని వెతుక్కుంటుంది, దొరికిన రోజున విడిచిపెట్టదు. నీ ఫ్రిజ్ దగ్గర జరిగేదీ అదే. మర్నాడు ‘నిన్న అంత తిన్నాను కాబట్టి ఇవాళ ఏమీ తినను’ అనుకుంటావు చూడు, అక్కడే మళ్ళీ ఆ రాత్రి మొదలవుతుంది. దానికి తోడు నీది రాత్రి షిఫ్టు. నిద్ర చాలనప్పుడు ఆకలి పెరుగుతుంది, అందులోనూ తీపి మీదికి, నూనె సరుకుల మీదికే ప్రాణం పోతుంది.

కాబట్టి ముందు చెయ్యాల్సింది తగ్గించడం కాదు, వేళకి తినడం. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ అని ఒక మానసిక వైద్యుడు ఈ జబ్బు మీద ఏళ్ళ తరబడి పనిచేసి 1995లో రోగుల కోసం పుస్తకం రాశాడు. ఆయన పద్ధతిలో తొలి మెట్లలో ఒకటి ఇదే. మూడు పూటలు భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి. ఆకలేసినా వెయ్యకపోయినా వేళకి తినాలి, రెండింటి మధ్య మూడు నాలుగు గంటలకి మించి ఖాళీ ఉండకూడదు. వినడానికి పిచ్చిగా ఉంటుంది, ఎక్కువ తింటున్నానని మొత్తుకునే మనిషికి ఇంకా తినమని చెప్పడమేంటని. కానీ పని చేసేది అదే.

నీ గంటలకి నేను ఇలా సర్దాను, నచ్చకపోతే మార్చుకో. మధ్యాహ్నం లేవగానే ఇడ్లీయో ఉప్మాయో పెసరట్టో, కాఫీ ఆ తర్వాత. మూడున్నరకి అన్నం, పప్పు, ఏదో ఒక కూర, పెరుగు. అన్నం అంటే అన్నమే, కీరా ముక్కలు కాదు. ఏడింటికి గుప్పెడు వేయించిన శనగలో, ఉడకబెట్టిన గుడ్డో. పదిన్నరకి షిఫ్టు బ్రేక్‌లో చపాతీ కూర, డబ్బా పట్టుకెళ్ళు. ఒంటిగంటన్నరకి అరటిపండు. నాలుగింటికి హాస్టల్‌కొచ్చాక గ్లాసుడు మజ్జిగ, రెండు చెంచాల దద్దోజనం, ఏదైనా సరే, కంచంలో పెట్టుకుని, లైటు వేసుకుని, కుర్చీలో కూర్చుని తిను. రూమ్మేట్లకి కాస్త వెలుతురు పడితే ఏం కాదు. చీకట్లో నిలబడి తినేదానికీ దీనికీ ఎంత తేడా ఉందో నీకే తెలుస్తుంది.

మొదటి రెండు వారాలు బరువు పెరుగుతానేమోనని వణికిపోతావు. ఇంతలో ఒక రాత్రి మళ్ళీ చెయ్యి జారుతుంది కూడా. జారనీ. ఆ మర్నాడు మాత్రం మధ్యాహ్నం ఇడ్లీ మానకు. ఈ ఉత్తరంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే అది పెట్టుకో.

ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కో. ఏ వేళకి ఏం తిన్నావు, ఎక్కడ తిన్నావు, దానికి ముందు ఏం జరిగింది, అంతవరకే రాయి. కేలరీలు రాయొద్దు. నాలుగు వారాలయ్యాక తిప్పి చూస్తే కొన్ని రోజులే పదేపదే కనిపిస్తాయి. మేనేజరుతో గొడవైన రోజు, పెళ్ళిళ్ళ పేరయ్య ఫోటో అడిగిన రోజు, పగలంతా ఖాళీ కడుపుతో ఉన్న రోజు. అప్పుడు నీకు తెలుస్తుంది, నువ్వు దేనికోసం ఫ్రిజ్ తెరుస్తున్నావో. ఇక ఆ వెయింగ్ మెషిన్ సంగతి. రోజుకి మూడుసార్లు ఎక్కుతున్నానన్నావు. దాన్ని మంచం కిందికి తోసెయ్యి. వారానికి ఒక్కసారి, ఒకే రోజు, ఒకే వేళకి ఎక్కు, అదీ ఎక్కాలనిపిస్తేనే. ఒక్క రాత్రిలో కిలో పెరిగినట్టు కనిపిస్తే అది నీరూ ఉప్పూ, తిన్నది ఇంకా కడుపులో ఉండటమూను. కిలో కొవ్వు పట్టాలంటే సుమారు 7,700 కేలరీలు ఒంటికి మిగిలిపోవాలి, రాత్రికి రాత్రి అది జరగదు.

ఇప్పుడు మన చుట్టాల సంగతి. మొన్న గృహప్రవేశంలో పంక్తిలో కూర్చున్నప్పుడు ఆవిడెవరో నీ విస్తట్లో బూరె వడ్డించబోతున్న కుర్రాణ్ణి ఆపి ‘దానికొద్దులే, ఇప్పటికే ఒళ్ళు చేసింది’ అందని రాశావు. వరసంతా నవ్వారట. చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. విస్తరి ముందు కూర్చున్న ఆడపిల్లని నలుగురిలో అనే మాటా అది? అన్నావిడ ఆ రాత్రికే మర్చిపోయి ఉంటుంది. నువ్వు హైదరాబాదు బస్సులో ఏం తిన్నావో నీకు గుర్తుంది. మనిషిని వెక్కిరిస్తే సన్నబడతారని మనవాళ్ళకి ఎక్కడో ఒక నమ్మకం ఉంది. వెక్కిరింతలు తిన్నవాళ్ళు ఇంకా ఎక్కువ తింటారని, బయట నడవడానికి, డాక్టరు దగ్గరికెళ్ళడానికి కూడా జంకుతారని పరిశోధనలు చెబుతున్నాయి. వార్డులో నేను కళ్ళారా చూసిందీ అదే. సినిమాల్లో లావుపాటి మనిషి కనిపిస్తే హాలంతా నవ్వడం మనకి చిన్నప్పట్నుంచీ అలవాటు చేశారు. 2015లో ‘సైజ్ జీరో’లో వేషం కోసం అనుష్క బరువు పెరిగితే, ఆ తర్వాత కూడా ఆమె ఒంటి గురించే రాసుకుంటూ పోయారు. కెమెరా ముందు నిలబడే మనిషికే తప్పలేదు ఇది.

ఎవరైనా మళ్ళీ అంటే పోట్లాడక్కర్లేదు, నవ్వి ఊరుకోనూ అక్కర్లేదు. ‘అది డాక్టరుగారు చూస్తున్నారు పిన్నీ, మీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?’ అని మాట మార్చెయ్యి. రెండోసారీ ఎత్తితే ‘ఈ మాట నాతో వద్దు పిన్నీ’ అని మెల్లగా చెప్పు. పెద్దవాళ్ళని ఎదిరించినట్టు కాదది. మీ అమ్మతో నేనే మాట్లాడాను. పాపం దానికి తెలిసిన ప్రేమ ఒకటే, డబ్బా నిండా సున్నుండలు పంపడం. దానికి తెలిసిన భయమూ ఒకటే, నీకు సంబంధం కుదరదేమోనని. అందుకే డబ్బా పంపిన వారానికే ‘తగ్గావా’ అని ఫోన్ చేస్తుంది. ఇకమీదట బరువు ఊసెత్తొద్దని, నువ్వు తింటున్నప్పుడు కంచం వైపు చూడొద్దని చెప్పాను. ఒప్పుకుంది. మధ్యలో మర్చిపోతే నాకు చెప్పు.

బరువుతో పనే లేదని మాత్రం నేననను. నర్సుగా అబద్ధం చెప్పలేను. మీ తాతయ్యకి షుగరు, మీ నాన్నకి షుగరు. మనవాళ్ళకి తెల్లవాళ్ళకన్నా తక్కువ బరువుకే షుగరు వస్తుంది. అందుకే మన డాక్టర్లు 2009లో మనకి వేరే గీతలు గీశారు, బీఎంఐ 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం అని. అయితే ఆ అంకె కూడా అంతా చెప్పదు. బెల్జియంలో కెట్లే అనే గణితజ్ఞుడు 1830ల్లో జనాభా సగటు కోసం వేసిన లెక్క అది. ఇందాక చెప్పిన కీస్ గారే 1972లో దానికి బీఎంఐ అని పేరు పెట్టారు. పుణె డాక్టరు యాజ్నిక్, ఇంగ్లండు డాక్టరు యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్నిక్ ఒంట్లో 21.2. కాబట్టి అద్దంలో చూసుకుని తీర్పు చెప్పుకోకు. బీపీ, హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్, కొలెస్ట్రాల్ చేయించు. నెలసరి వేళకి రావడం లేదన్నావు, పీసీఓఎస్ ఉందేమో గైనకాలజిస్టు చూడాలి. నడుము చుట్టుకొలత కూడా తీయించు, మన ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు. ఏది తేలినా దానికి మందో మార్గమో ఉంటుంది. కానీ ముందు రాత్రి తిండి నిలకడకి రావాలి, బరువు సంగతి ఆ తర్వాత. ఈ వరస తిరగేసి చెయ్యబోయి ఆరు నెలలు నలిగిపోయావు.

రిపోర్టుల మీద నుంచి తలెత్తకుండా ‘బరువు తగ్గమ్మా’ అని పంపించేసే డాక్టర్లు ఉంటారు. అలాంటివాళ్ళు తగిలితే ఇంకొకరి దగ్గరికి వెళ్ళు. ‘రాత్రిళ్ళు ఆపుకోలేకుండా తింటున్నాను’ అని నోరు తెరిచి చెప్పు, అడిగేదాకా ఆగకు. దీనికి మంచి వైద్యం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, సైకాలజిస్టు చేస్తారు. సైకియాట్రిస్టు అనగానే మనవాళ్ళు ఎర్రగడ్డ ఆసుపత్రి పేరెత్తి నవ్వుతారు. ఎంతమందికి బతుకు నిలిపిన వైద్యాన్ని అలా వెక్కిరించడం నాకెప్పుడూ మింగుడుపడలేదు. డాక్టరు దొరికేలోగా ఏ అర్ధరాత్రయినా ఉండలేకపోతే టెలీ మానస్‌కి, 14416కి ఫోన్ చెయ్యి. ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

రెండు విషయాలు మాత్రం గట్టిగానే చెబుతున్నాను. తిన్నాక గొంతులో వేలు పెట్టుకుని కక్కడం గానీ, విరేచనాల మాత్రలు వేసుకోవడం గానీ ఎప్పుడైనా మొదలుపెట్టావా, నాకు ఆ రోజే చెప్పాలి. ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది, వయసులో ఉన్న పిల్లలకీ తప్పుతుంది. ఇంకోటి, సన్నబడే ఇంజెక్షన్లు. మందుల షాపులో ఎవరో ఇప్పిస్తామన్నారని వేసుకోకు. అవి అవసరమైనవాళ్ళకి మంచి మందులే, కానీ నీ తిండి సంగతంతా తెలిసిన డాక్టరు చూసి రాస్తేనే.

మాఘమాసంలో అన్నయ్య పెళ్ళి. ‘పది కిలోలు తగ్గాకే లంగా ఓణీ కుట్టించుకుంటా’ అన్నావట మీ అమ్మతో. ఈ ఆదివారమే టైలరు దగ్గరికెళ్ళి ఇప్పటి కొలతలే ఇవ్వు. నీకు నచ్చిన ఆ ముదురాకుపచ్చ రంగే తీసుకో, జాకెట్టుకి లోపల కుట్టు కాస్త ఎక్కువ వదలమను. డబ్బు నేను పంపుతున్నాను. టెస్టులు ఏ రోజుకి కుదిరాయో చెప్తే, ముందురోజు రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరి వస్తాను, ఇద్దరం కలిసి వెళ్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ